తుమ్మి

తుమ్మి తులసి కుటుంబమునకు చెందిన ఒక చిన్న ఏకవార్షిక గుల్మము. శాస్త్రజ్ఞులు దీనిని ల్యూకాస్ ఆస్పెరా అందురు. సంస్కృతమున ద్రోణపుష్పి యనియు, తమిళమున తుంబై యనియు, కన్నడమున తుంబె యనియు, మలయాళమున తుంబ యనియు వ్యవహరింపబడు ఈ మొక్క భారతదేశపు మైదానములలో దాదాపు ఎల్లయెడల విత్తకయే మొలచునది. కాని దాని జీవితమును తొలకరి మొలక మొదలు మాఘమాసపు ఎండుపుల్ల వఱకు ఒక్కచోట నిలిచి పరిశీలింపగోరువానికి విశాఖపట్టణ మండలమునందలి చోడవరము పరిసరములకంటె అనువైన తావులు అరుదు. పరిపాలనా విభాగములు మాఱి 2022 ఏప్రిల్ నుండి చోడవరము అనకాపల్లి జిల్లాలో చేరినదిగాని, ఆ నేలయు నీరును మాఱలేదు గనుక, పూర్వపు గ్రంథములలో విశాఖపట్టణమును గూర్చి చెప్పిన మాటలు ఇచ్చటికిని చెల్లును.

చోడవరమునకు వాయవ్యమున మాడుగుల వైపు తూర్పుకనుమల కొండలు వరుసగా లేచియుండును. ఆ కొండలలో పుట్టిన శారదానదియు, పెద్దేరు, బొడ్డేరు మున్నగు ఏరులును ఈ పల్లపు భూములకు ఒండ్రునీటిని తెచ్చును. పల్లమున వరియు చెఱకును, గరువులమీద చోళ్లును నువ్వులును పండును. సాలున వేయి మిల్లీమీటర్లకు పైబడి కురియు వర్షములో అధికభాగము నైరృతి ఋతుపవనము వలనను, మిగిలినది ఆశ్వయుజ కార్తికముల వానల వలనను లభించును. ఈ రెండు వానలకు నడుమ నేల పూర్తిగా ఎండకుండుట తుమ్మికి పెద్ద వరము. తొలివానకు మొలచినది భాద్రపదమునకు లేతకూరయై, కార్తికమునకు నిండు పూతయై, సంక్రాంతి దాటునప్పటికి గింజ రాల్చి నిలువున ఎండును. చెఱకుతోటల కాలువగట్లవంటి తడి తావులలో మాత్రము ఏడాది పొడవునను ఏదో యొక మొక్క పూచుచునే యుండును.

మొక్క పొడవు సామాన్యముగ 15 మొదలు 60 సెంటీమీటర్ల వఱకు నుండును. కాండము తులసి కుటుంబపు లక్షణము ననుసరించి నాలుగు పలకలుగ నుండి, మొదటినుండియే కొమ్మలు వేయును. వ్రేళ్లనడుమ కాండమును త్రిప్పి చూచినవానికి ఆ నాలుగు అంచులును తెలియును, దానిపైనున్న బిరుసు నూగు వలన కఱకుదనమును తెలియును. ఆస్పెరా యను జాతినామము ఈ గఱుకునే చెప్పును. ఆకులు ఎదురెదురుగ జతలై పుట్టును, ఒక జతకు పై జత అడ్డముగ నిలుచును. అందుచేత పై ఆకు క్రింది ఆకునకు నీడ పడనీయదు. ఆకు సన్నముగ, కోలగ, రెండున్నర మొదలు ఏడున్నర సెంటీమీటర్ల పొడవున నుండి, కొన మొద్దుగ నుండును. అంచులు కొన్నింటిలో నునుపుగను, కొన్నింటిలో మొండి పండ్లతోను ఉండును. తొడిమ మిక్కిలి పొట్టిది. చెఱకు నీడలో ఎదిగిన మొక్క ఆకు వెడల్పై పలుచబడును, గరువుమీది మొక్క ఆకు ఇఱుకై మందమగును. ఈ భేదమును చూచి రెండు వేఱు జాతులని భ్రమపడరాదు.

పూవులు కణుపుల యొద్దను కొమ్మల కొనలయందును చక్రములవలె గుమిగూడి పుట్టును. పైకి ఒకే చుట్టుగ కనబడు ఈ చక్రము నిజమున ఎదురెదురు ఆకుల పంచలలో పుట్టిన రెండు పూగుత్తులు కాండమును ఇరువైపుల నుండి కౌగిలించుకొనుట వలన ఏర్పడినది. వృక్షశాస్త్రమున దీనిని వర్టిసెల్లాస్టర్ అందురు. తులసి వెన్నులో ఈ చుట్టులు ఎడముగ నుండును. తుమ్మిలో పూవులకు కాడలు లేమివలన అవి ముళ్లబంతులవలె బిగువుగ నుండును. పూవుల నడుమనుండు పుచ్ఛములు దాదాపు 6 మిల్లీమీటర్ల పొడవు గలిగి, సన్నని కొనలును పొడవైన అంచునూగును కలిగియుండును. రక్షకపత్రావళి యొక గొట్టము. దాని క్రింది సగము పలుచనై నునుపుగ నుండగా, పై సగము ఈనెలు తేలి బిరుసుగ నుండును. గొట్టము కొంచెము వంగి, నోరు వాలుగ తెగి, చుట్టును చిన్న మొనలు దేరిన దంతములు కలిగియుండును. ఆ దంతములలో పైది తక్కిన వానికంటె పెద్దది. జాతిని నిర్ణయింపగోరువాడు పూరేకులకంటె ముందుగ చూడవలసినది ఈ వాలునోటినే. తుమ్మి జాతులలో పెక్కింటికి తెల్లని పూవే యుండును గాని గొట్టపు నోరు మాత్రము జాతికొక తీరున తెగియుండును.

ఆకర్షణపత్రావళి ఒక్క సెంటీమీటరు మాత్రమే. అందులో సగము గొట్టము, మిగిలిన సగము రెండు పెదవులు. పైపెదవి 3 మిల్లీమీటర్ల పొడవున గుమ్మటమువలె వంగి, వీపుమీద దట్టమైన తెల్లని ఉన్నితో కప్పబడియుండును. క్రిందిపెదవి దానికి రెట్టింపు పొడవై మూడు తమ్మెలుగ చీలి, నడిమి తమ్మె వెడల్పుగ పఱచుకొనియుండును. కేసరములు నాలుగు. అవి రెండు పొడవు, రెండు పొట్టియై, పైపెదవి గుమ్మటము క్రింద దాగియుండును. కీలము కొనయందు రెండుగ చీలును గాని ఆ చీలికలు సమానములు కావు: పైది మిక్కిలి చిన్నది, దాదాపు లేనట్టే. ఈ అసమానత ల్యూకాస్ ప్రజాతిని గుర్తింపజేయు ముఖ్యలక్షణములలో నొకటి. గొట్టము నడుమ లోపలివైపున నూగుతో నేర్పడిన ఉంగరము వంటి కట్టు ఒకటి యుండును. అడుగున అండాశయము మొదటనున్న చక్రము మధువును ఊరజేయగా, ఆ నూగుకట్టు వాననీటిని, చిన్న పురుగులను లోనికి పోనీయక ఆ మధువును కాపాడునని వృక్షశాస్త్రజ్ఞులు తలంతురు. రక్షకగొట్టము నుండి పూవు సులభముగ ఊడివచ్చును. ఊడదీసి మొదలు చప్పరించినచో మధురముగ నుండునను సంగతి పల్లెపిల్లలకు ఏ శాస్త్రమును చెప్పనక్కఱలేదు.

తేనెటీగ వచ్చి వాలునది క్రిందిపెదవిమీద. మధువుకొఱకు అది తలను గొట్టములోనికి దూర్చునపుడు గుమ్మటము క్రిందనున్న పుప్పొడితిత్తులు దాని తలకును వీపునకును రాచుకొనును. ఈగ అచ్చటినుండి మఱియొక పూవునకు పోగా, అచ్చట క్రిందికి వంగియున్న కీలాగ్రము ఆ పుప్పొడిని వీపుమీదనుండియే గ్రహించును. దీనితో తులసిపూవును పోల్చి చూచుట రమ్యముగ నుండును. తులసిలో కేసరములు పైపెదవి క్రింద గాక క్రిందిపెదవిమీదికి ఒఱగియుండును. అందుచేత అచ్చట పుప్పొడి అంటుకొనునది ఈగ పొట్టకు. ఒకే తావున ఈ రెండు మొక్కలును పూచియున్నప్పుడు, ఒకే ఈగ రెండింటిపై వ్రాలినను, ఒకదాని పుప్పొడి వీపుమీదను మఱియొకదాని పుప్పొడి కడుపుమీదను చేరుటవలన వాని కలయికకు అవకాశము తగ్గును. ఇంతటి సూక్ష్మమైన ఏర్పాటు పొలము గట్టున పాదములక్రింద నలుగు మొక్కలో నుండుట ఈ వ్యాసకర్తకు ఎన్నిసార్లు చూచినను వింతగనే తోచును.

ఈ కుటుంబపు పరాగసంపర్కమును గూర్చి విశాఖపట్టణమునందే విశేషపరిశోధన జరిగినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు చెందిన సి. సుబ్బారెడ్డి, ఆలూరి జేకబ్ సాలమన్ రాజు గార్లు హిప్టిస్ సువియోలెన్స్ అను మొక్కలో పుప్పొడి ప్రేలినట్లు వెలువడు విధమును వివరించిరి. అమెరికా ఉష్ణమండలమునుండి వచ్చి మన బీళ్లను ఆక్రమించిన ఈ కంపుతులసి తుమ్మికి జ్ఞాతియే. దాని క్రిందిపెదవి పడవవలె మడిచి, కేసరములను బిగబట్టి యుంచును. ఈగ తాకినంతనే ఆ బిగువు వీడి, కేసరములు ఎగసి పుప్పొడిని ఈగపై చిమ్మును. తుమ్మి అట్టి ఆర్భాటమేమియు చేయదు. అయినను రోడ్డుప్రక్కలను, బంజరులను ఆ పరదేశపు జ్ఞాతి తలకెత్తుగ పెరిగి కమ్ముకొన్న చోట తుమ్మికి వెలుతురు చాలక తావు తగ్గుచుండుట చూచువారికి స్పష్టము.

పూవు రాలిన పిమ్మట రక్షకగొట్టము రాలక నిలిచియుండును. దాని అడుగున నాలుగు చిఱుకాయలు గింజలవలె నుండును. నాలుగు గదులుగ చీలిన అండాశయములోని ఒక్కొక్క గది ఒక్కొక్క కాయగ మాఱుట ఈ కుటుంబపు నియమము. సబ్జాగింజలు అని మనము పానకములలో వేసికొనునవియు ఇట్టి చిఱుకాయలే. తుమ్మికాయ దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల పొడవు కలిగి, గోధుమవన్నెతో నునుపై, లోపలివైపు కోణముతోను వెలుపల గుండ్రముగను ఉండును. ఎండిన మొక్క గాలికి ఊగినప్పుడెల్ల ఆ గొట్టముల నుండి కాయలు కొన్నికొన్నిగ జాఱి రాలును. ఒక్కసారిగ రాలకుండుట మొక్కకు మేలే: రైతు గట్టు చెక్కిన నాటికి ముందు కొన్ని, వెనుక కొన్ని నేల చేరును. ల్యూకాస్ ప్రజాతి విత్తనపు నూనెలో ల్యాబల్లెనిక్ ఆమ్లమను అరుదైన క్రొవ్వు ఆమ్లము కలదు. ఆ ఆమ్లమునకు పేరు ఈ కుటుంబపు పాతపేరైన లేబియేటీ నుండియే కలిగినది.

తుమ్మికి శాస్త్రీయనామము కలిగిన చరిత్ర కొంత విచిత్రము. మలబారులో డచ్చి అధికారిగ నుండిన వాన్ రీడ్ 1678 నుండి 1693 వఱకు ఆమ్‌స్టర్‌డామున ప్రకటింపబడిన హోర్టస్ మలబారికస్ పండ్రెండు సంపుటములలో తుంబ మొక్కను చేర్పించినాడు. కాని లినేయసు పద్ధతిననుసరించిన ద్వంద్వనామము దీనికి దొరకినది మన దేశమున కాదు, బెర్లినునందు. అచ్చటి రాజోద్యానమున పెరుగుచున్న మొక్కల పట్టికను 1809లో ప్రకటించిన విల్డెనో దీనిని ఫ్లోమిస్ ఆస్పెరా అని పేర్కొన్నాడు. మఱుసటి సంవత్సరము రాబర్టు బ్రౌను ఫ్లోమిస్ నుండి ల్యూకాస్ అను ప్రజాతిని విడదీసినాడు. గ్రీకున తెలుపును సూచించు ఆ పేరు ఈ పూవులకు తగియున్నది. విల్డెనో పిమ్మట ఆ ఉద్యానాధిపత్యమును వహించిన లింక్ 1822లో మన మొక్కను ఆ ప్రజాతికి మార్చగా నేటి నామము స్థిరపడినది. ఆ తరువాత జార్జి బెంథాము 1832 నుండి 1836 వఱకు ప్రకటించిన తన మహాగ్రంథమున ఈ కుటుంబమునంతను క్రమపఱచినాడు. ఆంధ్రతీరపు ఓషధులను గూర్చి మాటలాడునపుడు సామర్లకోటలో నివసించి, మన మొక్కలను ఇచ్చటి చిత్రకారులచే వ్రాయించిన విలియం రాక్స్‌బర్గును స్మరింపకుండుట కృతఘ్నత. విశాఖపట్టణపు మొక్కలను నేటికిని గుర్తింపగోరువాడు తెఱచి చూచు గ్రంథము గాంబుల్ ప్రారంభించి, ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు రాజధాని వృక్షసంపద. అది 1915 నుండి 1936 వఱకు భాగములుగ వెలువడినది.

ల్యూకాస్ ప్రజాతిలో ఆఫ్రికా, ఆసియా ఖండములయందు సుమారు 100 జాతులు కలవు. వానిలో 40కి పైబడినవి భారతదేశమున నున్నవి. ఇటీవలి జన్యుపరిశోధనలు ఆఫ్రికా జాతులును ఆసియా జాతులును ఒకే ప్రజాతిగ నిలుచునా యను ప్రశ్నను లేవనెత్తినవి. ఆ చర్చ ఎట్లు తేలినను మన తుమ్మి నామమునకు అపాయము లేదు. తెలుగుదేశపు మెట్టలలో దీనితో పొరపడదగినది పెద్దతుమ్మి, అనగా ల్యూకాస్ సెఫలోటెస్. దాని పూబంతి కొమ్మకొనను గుండ్రముగ, పెద్దదిగ నుండును. పుచ్ఛములు వెడల్పై బంతి వెలుపలికి కనబడును. ఆయుర్వేద గ్రంథములలోని ద్రోణపుష్పి యను పేరును కొందఱు ఈ పెద్దతుమ్మికిని, కొందఱు చిన్నతుమ్మికిని వాడుదురు. ఔషధములను కొనువారు ఈ భేదమును మనసునం దుంచుకొనుట మంచిది. ఇక తుమ్మచెట్టు చిక్కుడు కుటుంబపు ముండ్లచెట్టు. దానికిని దీనికిని పేరులో పోలికయే తప్ప బాంధవ్యము లేదు.

కుటుంబములోని తక్కిన బంధువులను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. చోడవరపు పరిసరములలోనే గట్టుమీద కుక్కతులసి, పాడుగోడల ప్రక్క రణభేరి, పొదలలో మొగబీర, పెరటిలో పుదీనాయు వాముఆకును కనబడును. ఇవన్నియు తులసి కుటుంబమునకు చెందినవే. ప్రపంచమున ఈ కుటుంబపు జాతులు ఏడువేలకు పైబడియున్నవి. వీనిలో తులసి, పుదీనా, మరువము మున్నగునవి ఒక ఉపకుటుంబము. తుమ్మి, రణభేరి, మొగబీర మఱియొక ఉపకుటుంబము. మొదటి వర్గమున సుగంధతైలములు మెండు. రెండవ వర్గమున వాసన తక్కువ, చేదు ఎక్కువ. తుమ్మియాకును నలిపి మూచూచినవానికి పుదీనా పరిమళము దొరకదు, పచ్చి ఘాటు మాత్రమే తగులును. అయినను ఆకునుండి ఆవిరిగ తీసిన పదార్థములలో ఫార్నెసీను, థూజీనులతోపాటు కొంత మెంథాలు కూడ కలదని రసాయనశాస్త్రజ్ఞులు కనుగొనిరి.

చోడవరము స్వయంభూ విఘ్నేశ్వరునికి ప్రసిద్ధి చెందిన ఊరు గనుక, వినాయకచవితి పత్రిని ఇచ్చట ప్రస్తావించుట అప్రస్తుతము కాదు. ఆ ఏకవింశతి పత్రములలో తులసియు, మరువకమును తులసి కుటుంబమువి. సింధువారము, అనగా వావిలి, పూర్వము వేఱొక కుటుంబములో, వెర్బినేసీలో, గణింపబడుచుండెడిది. 1990 ప్రాంతమున జరిగిన పునర్విభజనలో వావిలియు, టేకును, గుమ్మడిటేకును తులసి కుటుంబమునకు మార్పబడినవి. కావున పూజాపీఠమెక్కు ఆకులలో మూడు తుమ్మికి సగోత్రములే. ఆ ఋతువున ఇంటిముందే లేతగ మొలచియుండు తుమ్మి మాత్రము ఆ పట్టికకు ఎక్కలేదు. దానికి ప్రతిగ తెలంగాణమున వినాయకచవితినాడు తుమ్మికూర వండుకొని తినుట ఆచారముగ నున్నది. దేవుని పళ్లెములో చోటు దొరకనిది మనుష్యుని విస్తరిలో చేరినదన్నమాట. మఱి తుమ్మిపూవు శివార్చనకు ప్రశస్తమని పెద్దలు చెప్పుదురు. చోడవరమునందే గౌరీశ్వరాలయము కలదు. అభిషేకములు మెండుగ జరుగు కార్తికమే తుమ్మికి నిండుపూత కాలము. పూజాపుష్పముల నిర్ణయమునందు పురాణముతో పాటు ఆ మాసమున ఏది పూయునను సంగతియు పనిచేసియుండునని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

వ్యవసాయదారునికి తుమ్మి కలుపుమొక్క. చోడవరము ప్రాంతము చెఱకు దేశము: గోవాడయందు సహకార చక్కెర కర్మాగారము కలదు, అనకాపల్లి బెల్లపు బజారు దేశప్రసిద్ధము, అనకాపల్లియందే 1913లో నెలకొల్పబడిన చెఱకు పరిశోధనాక్షేత్రము నేటికిని పనిచేయుచున్నది. చెఱకు ముచ్చెలు నాటిన తరువాత మొదటి మూడు నాలుగు నెలలును సాళ్లనడుమ నేల వెలుతురునకు తెఱపిగ నుండును. ఆ కాలమున మొలచు వెడల్పాకు కలుపులలో తుమ్మియు నొకటి. చెఱకు ఆకులు కమ్ముకొని సాళ్లు మూసికొనిన పిమ్మట లోపలి తుమ్మి ఎండ దొరకక కృశించును; అప్పుడది గట్లమీదను, కాలువల అంచులను, కళ్లముల ప్రక్కలను మాత్రమే మిగులును. తుమ్మి వ్రేళ్లు లోతుగ దిగవు. గొప్పుతో ఒక్క దెబ్బ తగిలినచో ఊడివచ్చును. తుంగవలె దుంపలుగాని, గరికవలె ప్రాకు కాడలుగాని దానికి లేవు. దాని బలమంతయు విత్తనములోనే యున్నది. కావున పూతకు ముందు తీసివేసిన రైతునకు మఱుసటి యేట పని తగ్గును. పూచిన తరువాత తీసినవాడు గట్టుమీద పడవేసిన మొక్కయే మరల గింజ రాల్చును. కూలి దొరకక కలుపుమందుల వాడుక పెరిగిన యీ కాలమున అట్రజిను, 2,4-డి వంటి మందులకు వెడల్పాకు మొక్కలు తేలికగ లొంగుటచే, గడ్డి మిగిలి తుమ్మి వంటివి తగ్గుట కొన్ని చేలలో కనబడుచున్నది. తేనెటీగలకు కార్తిక మార్గశిరములలో మధువునిచ్చు గట్టుమొక్కలు తగ్గుటను లాభములో చేర్చుటకు ఈ రచయితకు మనసొప్పదు.

వంటలో వాడునది లేత చిగుళ్లు, ఆకులు. ముదిరినచో నూగు గొంతునకు తగులును, చేదు హెచ్చును. ఆకును కడిగి సన్నముగ తఱిగి, కందిపప్పుతోగాని పెసరపప్పుతోగాని ఉడికించి, చింతపండు పులుసు చేర్చి, వెల్లుల్లి ఎండుమిరపల పోపు పెట్టుట సామాన్యవిధానము. నువ్వులపొడి చల్లి వేఁపుడు చేయువారును, పచ్చడి నూఱువారును కలరు. దీని చేదు కాకర చేదువంటిది కాదు. ముందు ఘాటుగ తగిలి, వెనుక నెమ్మదిగ నాలుకపై తేలును. పులుపు దానిని అణచును, పప్పు దానిని మెత్తపఱచును. అందువలననే పులుపు లేని తుమ్మికూరను ఎవరును మెచ్చరు. జలుబు, పడిశము పట్టు వానకాలపు దినములలో ఈ కూర మేలని ఇల్లాండ్రు నమ్ముదురు.

వైద్యములో తుమ్మికి పాతపేరే యున్నది. పదునాఱవ శతాబ్దపు భావమిశ్రుని భావప్రకాశమున ద్రోణపుష్పి ఉష్ణవీర్యము కలదిగను, కామల, శోఫ, శ్వాస, క్రిమి రోగములయందు ఉపయోగపడునదిగను గణింపబడినది. పల్లెవైద్యమున ఆకురసమును తామర, గజ్జి వంటి చర్మవ్యాధులకు పూయుట, పడిశమునకు ముక్కున చుక్కలు వేయుట, తలనొప్పికి నుదుట రాచుట వాడుకలో కలవు. సాయంకాలమున ఎండిన మొక్కను నిప్పులపై వేసి దోమలను తోలుట పశువులపాకలలో నేటికిని కలదు. ఆధునిక ప్రయోగశాలలలో దీని ఆకుసారము దోమపిల్లలను చంపుననియు, కొన్ని సూక్ష్మజీవులను అరికట్టుననియు, ఎలుకలలో వాపును తగ్గించుననియు పరీక్షలు జరిగినవి. ఉర్సోలిక్, ఓలియనోలిక్ ఆమ్లములును, బీటా సిటోస్టెరాలును దీనియందు కలవు. ఎలుకలలో కనబడిన ఫలితమును మనుష్యులలో నిరూపితమైన చికిత్సగ చెప్పుట సాహసము. విశేషించి పాముకాటునకును తేలుకుట్టునకును తుమ్మిరసము విఱుగుడను నమ్మకము తెలుగు పల్లెలలో బలముగ నున్నది. చెఱకుతోటలలో పాములు తిరుగు ప్రాంతమున ఈ నమ్మకము ప్రాణాపాయమునకు త్రోవతీయును. పాముకాటునకు ఆస్పత్రిలో ఇచ్చు విషహర సూదిమందు తప్ప వేఱొక నిశ్చితమైన చికిత్స లేదు. ఆకు నూఱుచు గడపిన ప్రతి నిమిషమును రోగికి నష్టమే.

తెలుగు ఎల్లలు దాటినచో తుమ్మికి మనము ఊహింపని గౌరవములు కనబడును. ప్రాచీన తమిళ లక్షణకర్తలు యుద్ధములను పూవుల పేర విభజించి, ఇరుసేనలును ఎదురెదురుగ నిలిచి పోరు ఘోరసంగ్రామమునకు తుంబై అని పేరిడిరి. వీరులు ఆ పూవును ధరించి రణమునకు పోయెదరని వారి సంప్రదాయము. ఇంత మెత్తని, ఇంత తెల్లని పూవును అంతటి రక్తపాతమునకు గుర్తుగ ఎన్నుకొన్న ఆ కవుల మనసు గంభీరమైనది. కేరళమున ఓణపు పూలముగ్గునకు తుంబపూవు ముఖ్యము. తిరువనంతపురము సమీపమున తుంబ యను తీరగ్రామము కలదు. ఆ పేరు ఈ మొక్కనుండియే కలిగినదని చెప్పుదురు. 1963 నవంబరు 21వ తేదీన భారతభూమినుండి మొదటి పరిశోధక రాకెట్టు ఎగసినది ఆ ఊరినుండియే. మన దేశమునకు వెలుపల శ్రీలంక, ఇండోనేషియా, ఫిలిప్పీన్సులయందును, హిందూమహాసముద్రమున మారిషసునందును తుమ్మి కనబడును. పందొమ్మిదవ శతాబ్దమున తూర్పుతీరపు రేవులనుండి చెఱకుతోటల కూలికై అనేక తెలుగువారు మారిషసు చేరిరి. వారు విడిచిపోయిన చెఱకుసీమలోని కలుపుమొక్క వారు చేరిన చెఱకుసీమలోను ఎదురగుట యాదృచ్ఛికమో, వారి మూటలలోని విత్తనముల ఫలమో నిర్ణయింపవలెనన్న చరిత్రకారుడును వృక్షశాస్త్రజ్ఞుడును కూడి పనిచేయవలెను.

తుమ్మిని పంటగ సేద్యము చేయు ఆచారము లేదు. ఆకుకూరల అంగడులలో అమ్ముడగునదియు, మూలికల వర్తకులకు చేరునదియు పొలములనుండి ఏఱుకొనివచ్చినదే. పెంచగోరువారు మాఘమాసమున ఎండిన పూబంతులను కోసి, గుడ్డపై దులిపి, రాలిన చిఱుకాయలను పొడిగ దాచి, తొలకరికి ఎండ తగులు తావున పైపైన చల్లి, మట్టి కప్పీకప్పనట్లు కప్పవలెను. కూరకు ఏఱువారు పూత రాకముందు కొనలను మాత్రమే త్రుంచినచో మొక్క ప్రక్కకొమ్మలు వేసి మరల మరల చిగిర్చును. రోడ్డుప్రక్క మొక్కలను, కలుపుమందు చల్లిన చెఱకుచేల గట్లమీది మొక్కలను కూరకు తీసికొనరాదు. మందు పడిన మొక్క వెంటనే వాడకపోవచ్చును గనుక, గట్టు ఎవరిదో తెలిసికొని, మందు చల్లినది లేనిది అడిగి ఏఱుకొనుట క్షేమము.